దండు వెంట వచ్చిన రంగుల పెట్టె

బ్రిటిష్ లైబ్రరీలో 18వ శతాబ్దం మధ్య నాటి బొమ్మ ఒకటుంది. స్కాట్లాండ్ కొండసీమలో లాక్ రానక్ అనే సరస్సు దగ్గర గీసింది. దూరంగా కొండలు, పైన ఆకాశం, ముందు విశాలమైన బీడు. ఆ బీడులో కొందరు మనుషులు చిన్నచిన్నగా కనిపిస్తారు. షికారుకొచ్చిన వాళ్ళు కారు. ఒకరు స్టాండు మీద బిగించిన పరికరంతో గురి చూస్తుంటే, ఇంకొందరు గొలుసు పరిచి నేలని కొలుస్తున్నారు. అది సైన్యం పంపిన సర్వే బృందం. గీసింది పాల్ శాండ్‌బీ. ఇంగ్లిష్ నీటిరంగుల చిత్రకళకి ఆద్యుడని తర్వాత పేరొచ్చింది గానీ, అప్పటికి మాత్రం సైన్యం దగ్గర జీతానికి పటాలు గీసే కుర్రాడు.

ఆరుబయట కూర్చుని పల్లెని నీటిరంగుల్లో గీయడమనే పని ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ ఒక్క బొమ్మ చెప్పేస్తుంది. ఆదివారం పొద్దున్నే చిన్న రంగుల డబ్బా, నీళ్ళ సీసా, మడత కుర్చీ పట్టుకుని ఊరు దాటి ఏ చెరువు గట్టు మీదో కూర్చోవడం కన్నా అమాయకమైన పని లోకంలో ఇంకేముంటుంది అనుకుంటాం. చరిత్ర తిరగేస్తే ఆ డబ్బా అంత అమాయకంగా కనిపించదు. అది దండు వెంట, కొలత గొలుసు వెంట పల్లెల్లోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి యాత్రికుల చేతికి మారింది. చాలా ఆలస్యంగా మన గోదావరి గట్టు మీద పుట్టినవాళ్ళ చేతికి వచ్చింది. ఇన్ని చేతులు మారాక చూపు కూడా మారిందా? గీసిన బొమ్మ చివరికి ఎవరి దగ్గరకి చేరింది? ఈ వ్యాసంలో నేను వెతుకుతున్నవి ఆ రెండే.

కొలిచేవాళ్ళు

నీటిరంగులతో ఊళ్ళనీ కొండల్నీ గీసినవాళ్ళు అంతకు ముందు లేరని కాదు. 15వ శతాబ్దం చివర్లోనే జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ఆల్ప్స్ దారిలో అద్భుతమైన నీటిరంగుల దృశ్యాలు గీశాడు. కానీ అవి ఒక మేధావి ఒంటరిగా చేసిన పనులు. వందలాది మంది నేర్చుకునే అలవాటుగా మారడానికి ఇంకేదో అవసరం రావాలి. ఆ అవసరం యుద్ధంలోంచి వచ్చింది.

1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ దగ్గర జాకోబైట్ తిరుగుబాటుని బ్రిటిష్ సైన్యం అణిచేసింది. గెలిచారు గానీ, ఓడినవాళ్ళు దాక్కున్న కొండల్లో ఏ లోయ ఎటు పోతుందో సైన్యానికి తెలియదు. నమ్మదగిన పటాల్లేవు. అందుకని 1747లో స్కాట్లాండ్ సైనిక సర్వే మొదలుపెట్టారు. విలియం రాయ్ దాని పని నడిపాడు, 1755 దాకా సాగింది. లండన్ టవర్‌లో సైన్యానికి ఒక డ్రాయింగ్ రూమ్ ఉండేది. అక్కణ్ణుంచి ఈ సర్వేకి డ్రాఫ్ట్స్‌మన్‌గా వెళ్ళేనాటికి శాండ్‌బీకి పదహారో పదిహేడో ఏళ్ళు.

ఆ పటాలకి రంగులు వేసింది నీటిరంగులతోనే. నీళ్ళకి నీలం కలిసిన ఆకుపచ్చ, అడవికి ఆకుపచ్చ, సాగు భూమికి పసుపు, మనిషి కట్టిన వాటికి ఎరుపు. నీటిరంగు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కింద గీసిన గీత కనబడుతుంది. తొందరగా ఆరుతుంది, కాగితం చుట్టేసుకోవచ్చు, నూనె వాసనా ఉండదు. పటానికి ఇంతకన్నా అనువైన రంగు లేదు. శాండ్‌బీ తరం వేసిన ప్రకృతి దృశ్యాలు చాలావరకూ ఇదే పద్ధతిలో ఉంటాయి. ముందు పెన్సిల్‌తోనో కలంతోనో గీత గీసుకోవాలి, బూడిద రంగుతో నీడలు పరచాలి, ఆ పైన పల్చగా రంగు పూయాలి. అంటే పటం గీసే పద్ధతే. పటం పైనుంచి చూస్తుంది, బొమ్మ ఎదురుగా చూస్తుంది, అంతే తేడా.

ఈ రెండూ ఒకే చదువులో భాగం కూడా అయ్యాయి. 1768లో రాయల్ అకాడమీ పుట్టినప్పుడు దాని వ్యవస్థాపక సభ్యుల్లో శాండ్‌బీ ఒకడు. సరిగ్గా అదే ఏడాది వూలిచ్‌లోని రాయల్ మిలిటరీ అకాడమీలో డ్రాయింగ్ మాస్టర్‌గా చేరాడు. దాదాపు మూడు దశాబ్దాలు ఫిరంగి దళం వాళ్ళకీ, సైనిక ఇంజనీర్లకీ కొండనీ చెట్టునీ గీయడం నేర్పాడు. కెమెరా లేని కాలంలో, ఎదురుగా ఉన్న గుట్ట మీదికి తుపాకీ బండి ఎక్కుతుందా లేదా పై అధికారికి చెప్పాలంటే గీసి చూపించడమే దారి. మన బీటెక్ మొదటి సంవత్సరంలో డ్రాఫ్టర్ భుజానేసుకుని బస్సెక్కిన ఆ ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసుకి ఈ వూలిచ్ క్లాసు దూరపు ముత్తాత. మన దాకా వచ్చేసరికి గీతలు మిగిలి, కొండలూ చెట్లూ సిలబస్‌లోంచి పోయాయి.

బిళ్ళ, కాగితం

ఒక అలవాటు పదిమందికీ పాకాలంటే దానికి తగిన సరంజామా చౌకగా, తేలిగ్గా దొరకాలి. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు ఈ భాగం మీద కొంచెం మోజు ఎక్కువ. కళ చరిత్రల్లో కొత్త శైలుల గురించి రాసినంతగా కొత్త డబ్బాల గురించి రాయరు.

18వ శతాబ్దం మధ్య దాకా నీటిరంగు కావాలంటే రాయి మీద నూరుకోవాల్సిందే. రంగుపొడిలో తుమ్మబంక నీళ్ళు కలిపి, నూరి, ఆల్చిప్పల్లోకి ఎత్తుకోవాలి. ఆరిపోతే పెళుసై విరిగిపోతుంది. ఇదంతా మోసుకుని కొండ ఎక్కడం కుదిరే పని కాదు. లండన్‌లో రీవ్స్ అన్నదమ్ములు, విలియం, థామస్, రంగుని గట్టి బిళ్ళగా పోతపోసి, తడి బ్రష్ తగలగానే కరిగేలా తయారుచేశారు. రంగు మరీ ఎండిపోకుండా అందులో తేనె కలిపేవారు. 1781లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వాళ్ళకి దీనికోసం వెండి పేలెట్ బహుమానంగా ఇచ్చింది. అప్పటికి చెక్కపెట్టెలో డజను బిళ్ళలు సర్దుకుని గుర్రమెక్కి వెళ్ళొచ్చు. 1832లో మొదలైన విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ గ్లిజరిన్ కలిపి ఇంకా మెత్తటి రంగులు అమ్మింది. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు. మనం పళ్ళు తోముకునే పేస్టు ట్యూబుకి పూర్వీకుడు అదే.

రెండోది కాగితం. పాత కాగితం తీగల జల్లెడ మీద తయారయ్యేది కాబట్టి వెలుగుకి పెట్టి చూస్తే గీతలు గీతలుగా ఉండేది. పల్చటి రంగు పరిస్తే ఆ గీతల్లోకి చేరి చారలు కట్టేది. కెంట్ ప్రాంతంలో జేమ్స్ వాట్‌మన్ నేసిన తీగ బట్ట మీద కాగితం తీయడం మొదలుపెట్టాడు. 1757లో బాస్కర్‌విల్ అచ్చువేసిన వర్జిల్ పుస్తకంలో ఈ కాగితం మొదటిసారి కనిపిస్తుంది. దానికి జంతువుల తోలు నుంచి తీసిన జిగురు పట్టించేవారు. ఆ జిగురు వల్ల నీళ్ళు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైనే నిలుస్తాయి. ఆ కాసేపులోనే నీటిరంగు తాలూకు మాయ అంతా ఉంది. రంగుని అటూ ఇటూ పోనివ్వొచ్చు, స్పాంజితో తీసేయొచ్చు, ఆరాక కత్తితో గీకి తెల్లటి మెరుపు తెప్పించొచ్చు. టర్నర్ ఆ పనులన్నీ చేశాడు.

టర్నర్, గర్టిన్ ఇద్దరూ 1775లోనే పుట్టారు. గర్టిన్ పట్టుమని ముప్ఫై ఏళ్ళు బతకలేదు. కానీ కింద బూడిద పూత వేయాలన్న పాత నియమం పక్కనపెట్టి, కాగితం మీద నేరుగా రంగుతోనే కట్టుకొచ్చాడు. గీత మీద పూసిన రంగు కాస్తా రంగే బొమ్మ అయింది. పటానికీ బొమ్మకీ మధ్య బొడ్డుతాడు తెగింది ఇక్కడే. ఇంకో మాట కూడా చెప్పాలి. టర్నర్ తన ప్రయాణాల్లో ఆరుబయట ఎక్కువగా పెన్సిల్‌తోనే గీసుకునేవాడు, రంగు తర్వాత వేసుకునేవాడు. ఎదురుగా కూర్చుని రంగులతోనే ముగించాలన్న పట్టుదల అందరికీ లేదు.

అద్దంలో చూసేవాళ్ళు

సైనికుడి పెట్టె యాత్రికుడి చేతికి వచ్చేసరికి చూపు మారింది. నా ఉద్దేశంలో కొంత నష్టపోయింది కూడా.

విలియం గిల్పిన్ అనే చర్చి పాస్టరు 1770లో వై నది మీద పడవలో వెళ్ళి, ఆ ప్రయాణాన్ని 1782లో పుస్తకంగా వేశాడు. ఏ దృశ్యం బొమ్మకి పనికొస్తుంది, ఏది పనికిరాదు అని తీర్పు చెప్పే పుస్తకం అది. టింటర్న్ అనే పాడుబడ్డ మఠం ఆయనకి నచ్చింది గానీ, దాని గోడల అంచులు మరీ తిన్నగా ఉన్నాయట. ఎవరైనా సుత్తితో తగుమాత్రం కొడితే బావుంటుందని రాశాడు. ఆ శిథిలాల్లోనే గుడిసెలు వేసుకుని బిచ్చమెత్తుకునే మనుషులు ఉన్నారనీ, దగ్గర్లోనే ఇనప కొలుములు మోగుతున్నాయనీ కూడా ఆయనే రాశాడు. చూశాడు, జాలిపడ్డాడు, బొమ్మలోకి మాత్రం రానివ్వలేదు.

ఆ రోజుల్లో యాత్రికుల దగ్గర ఒక చిన్న నల్లద్దం ఉండేది. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాద్ పేరు మీద దాన్ని క్లాద్ గ్లాస్ అనేవారు. కొంచెం ఉబ్బెత్తుగా ఉండి, విశాలమైన దృశ్యాన్ని చిన్నదిగా, మసక బంగారు రంగులో, ముచ్చటగా ఫ్రేము కట్టి చూపించేది. చిక్కేమిటంటే దాంట్లో చూడాలంటే అసలు దృశ్యానికి వీపు తిప్పి నిలబడాలి. కవి థామస్ గ్రే 1769లో లేక్ డిస్ట్రిక్ట్‌లో ఈ అద్దం చూసుకుంటూ నడిచి, బురద సందులో వెల్లకిలా పడ్డాడు. అద్దం పగల్లేదు, వేళ్ళ కణుపులు దోక్కుపోయాయంతే. సెల్ఫీ తీసుకుంటూ పడిపోయిన వార్తలు చదువుతున్న మనం నవ్వడానికి ముందు కొంచెం ఆలోచించాలి.

ఇదంతా జరుగుతున్న కాలంలో ఆ పల్లెల్లో ఏం జరుగుతోంది? 1750కీ 1850కీ మధ్య బ్రిటిష్ పార్లమెంటు సుమారు 4,000 చట్టాలు చేసి, ఊరుమ్మడి భూములకీ బీళ్ళకీ కంచెలు వేయించింది. పశువుల్ని మేపుకునే హక్కు, పుల్లలేరుకునే హక్కు ఉన్నవాళ్ళు కూలీలయ్యారు, కొందరు పట్నాలకి వలసపోయారు. సర్వేయర్లు గొలుసులతో ఊరూరా తిరిగారు. సరిగ్గా అప్పుడే పట్నం వాళ్ళకి పల్లె ప్రశాంతంగా కనిపించడం మొదలైంది. మనుషులు ఖాళీ అవుతున్న చోటు ప్రశాంతంగా కాక ఎలా ఉంటుంది!

గిల్పిన్ కన్నా సర్వేయరే నయమేమో అని నాకు అనిపిస్తుంది. సర్వేయరు ఎవరి తరఫున వచ్చాడో మనకి తెలుసు. కానీ వంకర గోడని వంకరగానే గీస్తాడు. కొలిమి ఉంటే కొలిమి అని రాస్తాడు. వదిలేస్తే అతని ఉద్యోగం పోతుంది.

ఇంతలో నీటిరంగుల వాళ్ళకి పరువు సమస్య వచ్చింది. రాయల్ అకాడమీ ప్రదర్శనల్లో తైలవర్ణ చిత్రాల పక్కన వీటిని ఎవరూ లెక్కచేయట్లేదని, 1804లో సొంతంగా ఒక సొసైటీ పెట్టుకుని మరుసటేడు ప్రదర్శన చేశారు. వీళ్ళలో చాలామందికి తిండి పెట్టింది మాత్రం పాఠాలే. పల్లె దృశ్యాలకి ప్రాణం పోసిన డేవిడ్ కాక్స్ కూడా కొన్నాళ్ళు ఫార్నమ్‌లోని సైనిక కళాశాలలో డ్రాయింగ్ చెప్పాడు. కళ ఎంత దూరం వెళ్ళినా దండు నీడ వదల్లేదు.

రంగులు ఎక్కడివి

ఇంగ్లండ్ పల్లె మీద పరిచిన రంగులన్నీ ఇంగ్లండ్‌వి కావు. ఆ పెట్టెలో మన ఊళ్ళూ ఉన్నాయి.

ఇండియన్ ఎల్లో అనే పసుపు రంగు ఒకటుండేది. ఎండ పడ్డ పచ్చిక మీద మెరుపుకి దాన్ని మించింది లేదనేవారు. అది ఎలా తయారవుతుందో లండన్‌లో సరిగ్గా తెలియదు. 1883లో త్రైలోక్యనాథ్ ముఖర్జీ బీహార్‌లోని ముంగేర్ దగ్గర మీర్జాపూర్ అనే ఊరికి వెళ్ళి చూసి, సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌కి ఉత్తరం రాశాడు. రీవ్స్ అన్నదమ్ములకి బహుమానం ఇచ్చిన సొసైటీయే ఇది. ఆవులకి మామిడాకులు మేపి, వాటి మూత్రాన్ని మరగబెట్టి, ఉండలు చేసి ఎండబెడుతున్నారని, ఆ మేత వల్ల ఆవులు చిక్కిపోయాయని ఆ ఉత్తరం సారాంశం. చాలాకాలం దీన్ని కట్టుకథ అనుకున్నవాళ్ళున్నారు. పాత రంగు ఉండల మీద ఈ మధ్య జరిగిన రసాయన పరీక్షలు ముఖర్జీ మాటనే బలపరిచాయి.

ఆకాశానికీ వాన మబ్బుకీ నీలిమందు వాడేవారు. నీలిమందు ఎక్కడ, ఏ షరతుల మీద పండించేవారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ రంగుకి ఒక బలహీనత ఉంది, వెలుతురుకి వెలిసిపోతుంది. వెలుతురు నీటిరంగుల్ని ఎలా తినేస్తుందో రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పరీక్షించి 1888లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. గోడకి ఎక్కువకాలం వేలాడిన పాత బొమ్మల్లో నీలం పోయి, కింద ఉన్న ఎరుపు ఛాయ బయటపడుతుంది. మధ్యాహ్నం కాస్తా సాయంత్రం అయిపోతుంది. మ్యూజియంలు నీటిరంగుల్ని ఎక్కువకాలం చీకటి అరల్లో దాచి, అప్పుడప్పుడూ మాత్రమే బయటపెట్టడానికి కారణం ఇదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

గొలుసు మన వైపు

విలియం హాడ్జెస్ 1780లో, డేనియల్ కుటుంబం వాళ్ళిద్దరూ 1786లో భారతదేశానికి వచ్చి గీసిన దృశ్యాలు ప్రసిద్ధం. వాళ్ళు వృత్తి చిత్రకారులు. వాళ్ళకన్నా ఎక్కువ కాగితం ఖర్చుపెట్టింది కంపెనీ ఇంజనీర్లు.

వాళ్ళలో మనకి బాగా తెలిసిన పేరు కాలిన్ మెకంజీ. కైఫీయతుల మెకంజీయే. 1754లో స్కాట్లాండ్ వాయవ్యాన లూయిస్ దీవిలో, స్టోర్నోవేలో పుట్టాడు. అతని పుట్టిన దేశాన్ని సైన్యం గొలుసుతో కొలుస్తున్న సంవత్సరాలవి. 1783లో మద్రాసు చేరి, ఇంజనీరై, నిజాం రాజ్యంలోనూ మైసూరులోనూ సర్వేలు చేసి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కొలిపించుకున్న దేశంవాడే ఇంకో దేశాన్ని కొలిచాడు. అతని దగ్గర పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్‌లలో మద్రాసు సర్వే స్కూల్లో చదివిన కుర్రాళ్ళున్నారు, స్థానికులున్నారు. కొండకోటలు, గుళ్ళు, ఊళ్ళు, విగ్రహాలు వందలకొద్దీ గీశారు. సమాచారం సేకరించినవాళ్ళు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, మన ఏలూరి వాళ్ళు.

1816లో మెకంజీ బృందం అమరావతి స్తూపం దగ్గర మకాం వేసి, అక్కడి పలకల్ని శ్రద్ధగా గీసింది. అప్పటికే కొత్త కట్టడాల కోసం ఆ దిబ్బని తవ్వి రాళ్ళు తీసుకుపోతున్నారు. ఆ కాగితాల్లో కనిపించే కొన్ని శిల్పాలు తర్వాత మాయమైపోయాయి. ఇవాళ వాటికి మిగిలిన ఆధారం ఆ బొమ్మలే. కంపెనీ కోసం గీసిన బొమ్మలే మన చరిత్రని మనకి అట్టేపెట్టాయి. ఈ చిక్కుని విప్పేయాలని నాకు లేదు, విప్పగలనని కూడా అనుకోను. అవి ఇప్పుడు ఎక్కడున్నాయంటే, లండన్‌లో. అమరావతి పలకల్లో పెద్ద భాగం కూడా అక్కడే, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

1809లో ఈస్ట్ ఇండియా కంపెనీ క్రాయ్‌డన్ దగ్గర ఆడిస్కాంబ్‌లో సొంత సైనిక పాఠశాల పెట్టింది. గణితం, కోటల నిర్మాణం, హిందుస్తానీతో పాటు సైనిక డ్రాయింగ్ ఒకటి, ప్రకృతి దృశ్యాల డ్రాయింగ్ ఒకటి నేర్పేవారు. 1818లో అక్కడ చేరిన ఒక పదిహేనేళ్ళ కుర్రాడి పేరు ఆర్థర్ కాటన్. తర్వాత మద్రాసు ఇంజనీర్లలో చేరి, 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. మనం తెలుగు పల్లె అనగానే కళ్ళముందు మెదిలే బొమ్మ ఏమిటి? కాలవ, కాలవ గట్టున కొబ్బరి చెట్లు, కనుచూపు మేర వరిచేలు. ఆ పచ్చదనంలో చాలా భాగం కాటన్ కాలవలు పరిచింది. కొలిచేవాడి చూపు కాగితం మీద ఆగకుండా నేల మీదికి దిగి దృశ్యాన్నే మార్చేసింది.

రెండు నదుల మనిషి, ఒక నది మనిషి

ఆనకట్టకి కొద్ది మైళ్ళ ఎగువన, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి 1909 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్నాయన ఆస్వాల్డ్ కూల్డ్రే. థేమ్స్ ఒడ్డున ఆబింగ్‌డన్‌లో పుట్టాడు. కవి, నీటిరంగులు వేసేవాడు. 1920లో వేసిన కవితా సంపుటికి 'థేమ్స్ అండ్ గోదావరి' అని పేరు పెట్టుకున్నాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన శిష్యులు. శిష్యుల్ని వెంటబెట్టుకుని అజంతా వెళ్ళాడు. దామెర్ల రామారావులో చిత్రకారుణ్ణి గుర్తుపట్టి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్లో చేరడానికి సాయం చేసింది ఆయనే.

కూల్డ్రేని ఏ వరసలో పెట్టాలి? పాలకుల ఉద్యోగి, నిజమే. కానీ దండు వెంట వచ్చి వెళ్ళిపోయేవాడిలాగానో, అద్దం పట్టుకుని వచ్చిన యాత్రికుడిలాగానో లేడు. ఒకే నదిని పదేళ్ళు, వరదలోనూ వేసవి ఇసకలోనూ చూశాడు. ఇంగ్లండ్ వెళ్ళిపోయాక కూడా దాన్ని వదల్లేదు, 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' రాశాడు. చూపుని పుట్టుక ఒక్కటే నిర్ణయించదని, మళ్ళీ మళ్ళీ వచ్చి చూడటానికీ అందులో వాటా ఉందని ఆయన వల్ల నాకు తోస్తుంది.

రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. బొంబాయిలో చదువు ముగించి వచ్చేనాటికి దేశంలో నీటిరంగులకి కొత్త అర్థం వచ్చింది. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు తైకాన్, హిషిదాల దగ్గర చూసిన పద్ధతిని అవనీంద్రనాథ్ టాగూర్ తనదిగా చేసుకున్నాడు. రంగు వేసి, కాగితాన్ని నీళ్ళలో తడిపి, మళ్ళీ వేసి, మళ్ళీ తడిపి మంచు తెరలాంటి మెత్తదనం తెప్పించే వాష్ పద్ధతి అది. 1905 నాటి 'భారతమాత' అలాంటిదే. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలకి ఈ బెంగాల్ పద్ధతిని ప్రమోద్ కుమార్ చటర్జీ తెచ్చాడు. బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నాడు.

ఇక్కడ తమాషా ఒకటుంది. ఇంగ్లిష్ నీటిరంగులు గదిలోంచి బయటికి వెళ్ళాయి. జాతీయోద్యమపు నీటిరంగులు బయటి నుంచి గదిలోకి వచ్చాయి. కాగితాన్ని పళ్ళెంలో ముంచుతూ తీస్తూ చేసే పని గట్టు మీద కూర్చుని చేయలేం కదా. విషయాలు కూడా అలాగే, పురాణం, ఇతిహాసం, స్మృతి. బయట ఉన్న నేల పరాయివాళ్ళు కొలిచి గీసిన నేల. లోపలి లోకం మాత్రం మనది. ఆ ఎంపికలో ఉన్న ఆత్మగౌరవం అర్థమవుతుంది. అయితే దానివల్ల ఎదురుగా ఉన్న చెరువునీ గుట్టనీ గీయడం కాస్త తక్కువ పనిగా, ఇంగ్లిష్ వాళ్ళ అలవాటుగా మిగిలిపోయింది.

రామారావు ఆ రెండిట్లో ఒకటే ఎంచుకోలేదు. 'సిద్ధార్థ రాగోదయం' లాంటి ఇతివృత్త చిత్రాలూ వేశాడు, గోదావరినీ తూర్పు కనుమల్నీ ఎదురుగా చూసి గీశాడు. స్కెచ్ పుస్తకాలు నింపాడు. 1920ల మొదట్లో బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడకుండా, రాజమండ్రిలోనే మిత్రుడు వరదా వెంకటరత్నంతో కలిసి చిత్రకళాశాల నడిపాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. బడిని వెంకటరత్నం నిలబెట్టాడు. ఆ తర్వాతి కాలంలో తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ వేసిన చిన్నచిన్న ప్రకృతి దృశ్యాలకి మన దగ్గర ఒక దారి పడిందంటే, అందులో ఈ బడి అడుగులున్నాయి.

ఇప్పుడు మొదట్లో అడిగిన రెండో ప్రశ్నకి వస్తాను. శాండ్‌బీ గీసిన స్కాట్లాండ్ లండన్‌లో ఉంది. మెకంజీ గీయించిన అమరావతి లండన్‌లో ఉంది. రామారావు బొమ్మలు రాజమండ్రిలో, గోదావరి గట్టు దారిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఉన్నాయి. గీసిన నది పక్కనే, ఆ నదిని రోజూ చూసే జనం నడిచి వెళ్ళి చూసుకోగలిగిన చోట. చూపులో తేడా ఎక్కడుందని ఎవరైనా అడిగితే, నేను బ్రష్ గీతల్లో వెతకను. ఈ చిరునామాలో చూపిస్తాను.

కానీ ఇందులో ఒక బాధ కూడా ఉంది. నీటిరంగుకి వెలుతురూ చెమ్మా ఆగర్భశత్రువులు. నది ఒడ్డున రెండిటికీ కొదవ లేదు. ఎత్తుకుపోయిన బొమ్మ చల్లటి చీకటి అరలో భద్రంగా ఉంటుంది. ఇంట్లోనే ఉండిపోయిన బొమ్మ ఇంటి వాతావరణాన్నే తట్టుకోవాలి. దాన్ని కాపాడటానికి చీకటి అరలు, చెమ్మ లాగే యంత్రాలు, మంచి కాపీలు తీసే కెమెరాలు కావాలి. ఇవేవీ మన కాలంలో అసాధ్యమైన ఖర్చులు కావు. మనది అన్నది మన దగ్గరే ఉండాలని కోరుకునే హక్కు, దాని మీద ఈమాత్రం ఖర్చుపెట్టినప్పుడే బలపడుతుంది.

ఆదివారం డబ్బా

హైదరాబాద్ పొలిమేరల్లో వెంచర్ల బ్రోచర్లు చూస్తుంటారు కదా. రాబోయే విల్లాలని కొందరు నీటిరంగుల బొమ్మలాగే వేయిస్తారు. పల్చటి ఆకాశం, మెత్తటి చెట్లు, దూరంగా ఒక చెరువు. ఆ కాగితం వెనక్కి తిప్పితే లేఅవుట్ ప్లాన్, రంగురంగుల ప్లాట్లు. 1747 నాటి ఆ జంట, పటమూ దృశ్యమూ, ఒకే కాగితానికి అటూ ఇటూ ఇంకా కాపురం చేస్తూనే ఉంది. మన ఆదివారం బొమ్మలో ఆ చెరువు ఉంటుంది. పక్కనున్న జేసీబీని మాత్రం గిల్పిన్ లాగే మర్యాదగా వదిలేస్తాం.

అలాగని డబ్బా మూసేయమని నేననడం లేదు. దండు వెంట వచ్చిన పెట్టెతోనే రామారావు తన నదిని గీసుకున్నాడు. సర్వేయర్ల దగ్గర్నుంచి మనం తీసుకోదగ్గ మంచి అలవాటు ఒకటుంది. ఎక్కడున్నాం, ఎప్పుడు చూశాం అన్నది కాగితం మీద రాసేవారు. మన బొమ్మ వెనక కూడా ఊరి పేరు, చెరువు పేరు, తేదీ, ఎటువైపు తిరిగి కూర్చున్నామో రాసిపెట్టడానికి ఒక్క నిమిషం చాలు. చెరువు పేరు తెలియకపోతే గేదెలు కాసుకుంటున్న ఆయన్ని అడగాలి, చెబుతాడు. మాటల్లో నీళ్ళు ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేవో కూడా చెబుతాడు. వీలైతే అది కూడా రాసుకుని, బొమ్మని ఆయనకి చూపించి రావాలి.